దొరసాని తలుపుకు కట్టిన రీత్

చందానగర్ మార్కెట్ వెనక, రైలు పట్టాల వైపు దిగే సందులో కృపమ్మ ఇల్లు. మెదక్ దగ్గరి ఒక పల్లె నుంచి పెళ్ళయి వచ్చింది. భర్త యోహాను సమాధుల తోటకు కాపలాదారు. ఆయన గుంట తవ్వితే ఆమె రీత్ కట్టేది. రీత్ అంటే శవపెట్టె మూత మీద ఉంచే గుండ్రటి పూల కట్టు. వెదురు బద్దను చక్రంలా వంచి, వరిగడ్డి చుట్టి, పైన అశోక ఆకు పరిచి, ఆ ఆకు మీద తెల్ల చామంతులూ లిల్లీలూ సన్న తీగతో బిగిస్తారు. యోహాను పోయినప్పుడు ఆయన రీత్ కూడా ఆమే కట్టింది. కట్టడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని, అప్పుడు ఏడ్చింది.

ఆమెకొక పద్ధతి ఉండేది. ఒక్కో పువ్వు బిగించేటప్పుడు పోయిన మనిషి పేరు ఒకసారి పలికేది. అత్తగారు నేర్పిన పద్ధతి అది. పేరు తెలియకపోతే కట్టేది కాదు. ఒకరి పేరున కట్టినది ఎంత తొందరొచ్చినా ఇంకొకరికి ఇచ్చేది కాదు. వానల కాలంలో ఒక రోజు రెండు భూస్థాపనలు వచ్చి పూలు చాలకపోతే, ఒక పెట్టె మీద చిన్న రీత్, ఇంకో పెట్టె మీద మరీ చిన్న రీత్ పెట్టించింది గానీ, ఉన్న ఒక్కదాన్ని ఇద్దరికీ తిప్పనివ్వలేదు. "సచ్చినోళ్లకు ఇంకేం మిగుల్తది పెద్దసారూ, పేరు తప్ప," అంది, అదే సందులో ఉండే నాతో.

ఎదురింటి ప్రిస్కిల్లా ఆమెతో కలిసి పూలు కట్టేది. మొగుడు పనికోసం బొంబాయి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఒక్కడే కొడుకు, బెన్నీ. ఆ పిల్లవాడు ఆకు చెత్తలో పాకి, తీగ ముక్కలతో బండ్లు చేసుకుని, ఆ ఇద్దరి ఒళ్ళలో పెరిగాడు. ఆకలేస్తే ఏ తలుపు తెరిచి ఉంటే ఆ ఇంట్లోకి పోయేవాడు. వాడికి ఇద్దరు తల్లులని సందంతా అనుకునేది.

కృపమ్మ బతికున్నవాళ్ళకు పూలు కట్టడం మొదలుపెట్టింది పార్థసారథి వల్ల. ఆయనది ప్రొద్దుటూరు. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, బయటినుంచి పనులిచ్చే పెద్దల మంచీచెడ్డా చూసుకునే ఉద్యోగం. ఒప్పందం మీద సంతకమైతే పూలు, పని ముగిస్తే పూలు, దొర విమానం దిగితే పూలు. అప్పట్లో ఆ పూలన్నీ ఒకే రకం. గాజుకాగితం చుట్టి, గులాబీల మీద మెరుపు పొడి చల్లి తెచ్చేవారు. తీసుకున్నవాడి కోటుకు ఆ మెరుపు అంటుకునేది. ఒక స్విట్జర్లాండు ఆయన అదే మెరుపుతో మూడు దేశాలు తిరిగి, ఇంటికి పోయి భార్యకు సంజాయిషీ చెప్పుకోలేక అవస్థపడ్డాడట.

తమ ఆఫీసు గుమాస్తా ఒకాయన భూస్థాపనకు వచ్చినప్పుడు పార్థసారథి ఆ పెట్టె మీది రీత్ చూశాడు. ఎవరు కట్టారని అడుగుతూ సందులోకి వచ్చాడు.

"కృపమ్మక్కా, సోమవారానికి నాలుగు బొకేలు కావల్ల," అన్నాడు.

"ఎవలకు సారూ?"

"క్లయింటుకు."

"గదేం పేరు?"

"పేరు కాదుమా. మాకు పనిచ్చేవాళ్ళు."

"పనిచ్చేటోళ్లకు పేర్లుంటయి గద."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆకు కత్తిరించుకుంటూ ఉండిపోయింది. అప్పుడాయన ఆఫీసుకు ఫోన్ చేశాడు. అక్కడ ఎవరికీ ఇంటిపేర్లు తప్ప తెలియవు. చివరికి ఆ వచ్చేవాళ్ళ ఆఫీసుకే ఫోన్ చేసి, "మీ పేర్లు సరిగ్గా చెప్పండి, మా పూలామె అడుగుతోంది," అనాల్సి వచ్చింది. అవతలి మనిషి ఆశ్చర్యపోయి నాలుగు పేర్లూ చెప్పింది. చెబుతూ చెబుతూ, ఒకాయనకు లిల్లీ వాసన పడదనీ, ఇంకొకాయన తల్లి పోయి నెల కాలేదనీ కూడా చెప్పింది. సోమవారం పార్థసారథి ఆ తల్లి పోయినాయన చేతికి పూలిచ్చి, పని మాట ఎత్తకుండా, కాసేపు ఆయనను మాట్లాడనిచ్చాడు. ఆ సాయంత్రం తమ ఒప్పందం మాట ముందుగా ఎత్తింది ఆ తల్లి పోయినాయనే.

పార్థసారథి తెలివైనవాడు, కిటుకు గ్రహించాడు. పూలు పంపేముందు పేరు అడగడమే పూలకన్నా ఎక్కువ పనిచేస్తోందని. అప్పటినుంచి ఆ కంపెనీ పూలన్నీ కృపమ్మవే. తర్వాత పక్క కంపెనీలవీ వచ్చాయి. ఒక జపాను ఆయన ఆమె కట్టిన గుత్తి కోసం విమానంలో పక్క సీటు కొన్నాడని చందానగర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ పుట్టించిన ముసలాయన ఎవరో నాకు తెలుసు గానీ పేరు బయటపెట్టను.

రెండు వేల తొమ్మిది నాటికి పరిస్థితి మారింది. సగం సందు తెల్లారితే తెలంగాణ జెండాలు పట్టుకుని లింగంపల్లి చౌరస్తాలో ఉండేది. గచ్చిబౌలి వైపు ఆఫీసు బస్సుల అద్దాలకు ఇనుప జాలీలు వచ్చాయి. బెన్నీ డిగ్రీ చదువుతున్నాడు. కాలేజీ ఎగ్గొట్టి ధర్నాలకు పోయేవాడు, ధర్నా లేని రోజు పూల బకెట్లు మోసేవాడు.

"సారూ," అనేవాడు పార్థసారథితో, "తెలంగాణ వచ్చినంక మీకు వీసా నేనిప్పిస్త. జర గూడ ఫికర్ చెయ్యకు."

"ఇప్పించు నాయనా. ముందు ఆ బకెట్ కారులో పెట్టు."

"బకెట్ల వీసా వేరే సారూ. దానికి టైం పడ్తది."

డిసెంబరు మొదట్లో ఒక ఊరేగింపు చెదిరిపోయి జనం పరుగెత్తినప్పుడు బెన్నీ కింద పడ్డాడు. పడ్డవాణ్ణి ఎవరూ చూడలేదు. దవాఖానకు చేర్చేసరికి స్పృహ లేదు. మర్నాడు పొద్దున పోయాడు.

ఆ రోజే పార్థసారథి కంపెనీలో పెద్ద సమావేశం. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళందరికీ పేరు పేరునా పూలు పోవాలి. కృపమ్మ ఇంటినిండా సగం కట్టిన గుత్తులు. ఆ గుత్తుల మధ్యే ఆమెకు బెన్నీ కబురు అందింది. గొడవలు పెరిగేలా ఉన్నాయి, చీకటి పడకముందే భూస్థాపన కానిద్దామని చర్చి అయ్యగారు అన్నారు. కృపమ్మ లేచి, ఆర్డరు పంపించేసి బెన్నీ రీత్ కడదామనుకుంది. ఆర్డరు పోయేసరికి పొద్దు వాలింది. రీత్ కట్టి, దాన్ని గుండెకు అదుముకుని, ఆటోలు లేక నడిచి, సమాధుల తోటకు చేరేసరికి మట్టి పూడ్చేశారు. మట్టి మీద ఎవరో దుకాణం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ పూల చక్రం ఉంది.

ప్రిస్కిల్లా ఆమెను తిట్టలేదు. చేతిలోని రీత్ వైపు చూసింది.

"నీ పూలు పెద్దోళ్లకు అక్కా. మా పోరనికెందుకు? తీస్కపో."

కృపమ్మ తీసుకుని వెనక్కి వచ్చింది. ఇంట్లో కూర్చుని ఆ రీత్‌ను పువ్వు పువ్వుగా విప్పేసింది. పేరు పెట్టి కట్టినదాన్ని విప్పడం ఆమెకు అదే మొదటిసారి.

ఆ తర్వాత ప్రిస్కిల్లా పనికి రాలేదు. ఎదురెదురు తలుపుల్లో ఒకటి మూసే ఉండేది. కృపమ్మ కూర పంపితే గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చేది. చర్చిలో చాప మీద ఆమె పక్కన కూర్చుంటే, ప్రిస్కిల్లా పాట మధ్యలో లేచి అవతలి కొసకు పోయేది. సందులో అందరూ చూస్తున్నారు. కృపమ్మకు ఆ చూపులు పట్టలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే: ఆ తలుపు తీసి ప్రిస్కిల్లా మళ్ళీ తనతో మాట్లాడాలి.

పండుగ దగ్గరపడుతుండగా పార్థసారథి వచ్చాడు. ఇబ్బందిపడుతూనే వచ్చాడు.

"కృపమ్మక్కా, అడగకూడని సమయమే. కానీ ఒక పని బడింది. మార్గరెట్ అని, అమెరికా కంపెనీ తరఫున ఈడే ఉంటాండాది. మా అతిపెద్ద పని ఆమె చేతిలోనే ఉండాది. ఆమెకూ, ఆమె కింది ముగ్గురికీ క్రిస్మస్‌కు తలుపుకు కట్టే రీత్‌లు కావల్లంట."

"రీతా? తలుపుకా?" కృపమ్మ చేతిలో కత్తి ఆగింది. "ఎవలన్న సచ్చిండ్రా ఆ ఇంట్ల?"

"లేదుమా. వాళ్ళకది సంతోషానికి గుర్తు." ఫోన్‌లో బొమ్మ చూపించాడు.

ఆమె నమ్మలేదు. నా దగ్గరికి వచ్చింది. "పెద్దసారూ, మీరు దొరసానుల బడిల చదివిండ్రు గద. బతికున్నోళ్ల తలుపుకు రీత్ కడ్తరా?"

కడతారని చెప్పాను. మా బడిలో ఐర్లండు సిస్టర్లు డిసెంబరు రాగానే పెద్ద తలుపుకు పచ్చటి చక్రం వేలాడదీసేవారని, దాని కింద నిలబడి మేం అల్లరి చేస్తే చెవులు మెలిపెట్టేవారని చెప్పాను. ఇంత కూడా అబద్ధం కలపకుండా నేను చెప్పిన సంగతి అదొక్కటే అనుకుంటాను.

"అయితె కడ్త," అంది. కానీ ముఖంలో ఇష్టం లేదు.

బందుల వల్ల మార్కెట్‌కు ఎర్ర గులాబీలు రాలేదు. గంటలు, ఎర్ర రిబ్బన్లు అమ్మే కొట్లు మూసి ఉన్నాయి. శంకర్‌పల్లి వైపు తోట నుంచి తెల్ల చామంతులు మాత్రం దొరికాయి. ఉన్నవాటితోనే కట్టింది. మార్గరెట్ పేరు, మిగతా ముగ్గురి పేర్లు పలుకుతూనే కట్టింది. కానీ చేతి అలవాటు చేతిదే. నాలుగూ తయారయ్యాక చూస్తే, పెట్టెల మీద ఉంచేవాటికీ వీటికీ ఒక్కటే తేడా ఉంది. వేలాడదీయడానికి వెనకవైపు తీగతో తిప్పిన చిన్న కొక్కెం. పెట్టె మీది రీత్‌కు అది ఉండదు.

ఇవ్వాల్సిన రోజున బంద్. మార్గరెట్ ఇంట్లో ఆ సాయంత్రమే విందు. తెల్లారగానే బయల్దేరితే జనం రోడ్డెక్కేలోపు దాటిపోవచ్చని కారు డ్రైవర్ నర్సయ్య ధీమా. ఆయనది సదాశివపేట. నాలుగు రీత్‌లూ వెనక సీట్లో, కృపమ్మ పక్కన. తలుపుకు తిన్నగా కట్టడం తనకే తెలుసని ఆమె కూడా బయల్దేరింది. ముందు సీట్లో పార్థసారథి. నేను ఆ కారులో లేను. నాతోపాటు అదే కారులో ఇంకో ముగ్గురు కూడా ఉన్నట్టు మా సందులో చెప్పుకుంటారు. అంత పెద్ద కారు కాదది.

లింగంపల్లి చౌరస్తాకు రాకముందే టైర్లు కాలుతున్నాయి. వెనక్కి తిప్పడానికి లేదు. కుర్రాళ్ళు కారును చుట్టుముట్టారు. బానెట్ మీద అరచేతులు పడ్డాయి. పార్థసారథి నోరు తెరవబోయాడు.

"సార్, నువ్వు మాట్లాడకు," అన్నాడు నర్సయ్య పెదవులు కదపకుండా. "నీ మాట ఇంటె ప్రొద్దుటూరు బస్టాండు యాదికొస్తది."

ఒక కుర్రాడు వెనక అద్దంలోంచి లోపలికి చూశాడు. చూసి, వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు.

"ఏయ్, జరుగుర్రి! పూలొచ్చినయ్!"

చౌరస్తా పక్కన టెంటు వేసి ఉంది. ప్రాణాలు పోయిన పిల్లల ఫోటోలతో పెద్ద బ్యానరు కట్టారు. ఆ ఉదయం అక్కడ నివాళి. వాళ్ళు చెప్పి పెట్టుకున్న పూలు బంద్ వల్లే రాలేదు. ఎదురుచూస్తూ ఉన్నారు. ఇప్పుడు కారులో తెల్లపూల రీత్‌లు, పక్కన తెల్లచీర కట్టుకున్న ముసలామె కనిపించేసరికి ఎవరూ ఏమీ అడగలేదు.

"ఏంది అవ్వా, గింత ఆలస్యమా?" ఆ కుర్రాడే తలుపు తీస్తూ కోప్పడ్డాడు. "చీకట్లనుంచి తల్లులు కూసున్నరు. ఇయ్యి ఇటు. ఏయ్, మెల్లగ పట్టుకోండ్రి, రేకులు రాల్తయ్!"

కృపమ్మ దిగింది. దిగక ఏం చేస్తుంది? జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. కాసేపటి క్రితం బానెట్ మీద కొట్టిన చేతులు ఇప్పుడు పైకి లేచి జోహార్లు చెబుతున్నాయి. పార్థసారథిని కూడా ఎవరో చేయి పట్టుకుని దింపి, చెప్పులు విడవమన్నారు. ఆయన విడిచాడు. తల వంచుకుని ఆమె వెనక నడిచాడు.

బ్యానరు మీద మూడో వరుసలో బెన్నీ ఉన్నాడు. కాలేజీ గుర్తింపు కార్డు ఫోటో. నవ్వు ఆపుకుంటున్న ముఖం.

దాని కింద తల్లుల వరుసలో ప్రిస్కిల్లా కూర్చుని ఉంది. కృపమ్మను చూసింది. చేతిలోని రీత్‌ను చూసింది. ఆమె ముఖంలో బిగుసుకున్నదేదో వదులయింది. మెల్లగా లేచి నిలబడింది.

కృపమ్మ కాళ్ళు ఆగిపోయాయి. ఆమె చేతుల్లో ఉన్నది మార్గరెట్ పేరున కట్టినది. ప్రతి పువ్వుకూ ఆ పేరే పలికింది. దాన్ని బెన్నీ ముందు పెడితే, ఒకసారి సమయానికి రాకపోవడమే కాకుండా రెండోసారి పరాయివాళ్ళ పూలు తెచ్చినట్టవుతుంది. నిజం చెబితే, ప్రిస్కిల్లా తలుపు ఇక తెరుచుకోదు. అంతకన్నా ముందు, ఈ పూలు కంపెనీ దొరలకు పోతున్నవని తెలిస్తే, చెప్పులు లేకుండా వెనక నిలబడ్డ మనిషికి ఏమవుతుందో, కారు ఏమవుతుందో. నోరు విప్పకపోతే చాలు, అంతా దొరుకుతుంది. చెల్లెలిలాంటి మనిషి అడుగు దూరంలో నిలబడి ఉంది.

"పెట్టవ్వా," అన్నాడు కుర్రాడు మెల్లగా.

ప్రిస్కిల్లా ముందుకు వచ్చి రీత్ రెండో వైపు పట్టుకుంది. ఆమె వేళ్ళు చక్రం వెనక్కి పోయాయి. అక్కడ ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఇద్దరూ వంగి దాన్ని బెన్నీ ఫోటో కింద ఆనించారు. మిగతా మూడూ కుర్రాళ్ళు పెట్టారు. ఎవరో పాట అందుకున్నారు. పార్థసారథి ఫోటో వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి పక్కనున్న పెద్దాయన భుజం తట్టి, "మీ పోరడా?" అని అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. మాట మాత్రం బయటికి రానివ్వలేదు.

కారును జనమే దారి చేసి సాగనంపారు. నర్సయ్య గచ్చిబౌలి వైపు తిప్పాడు.

"సారూ," అంది కృపమ్మ, "మీ దొరసానికి ఏం చెప్తరు?"

"తెల్లేదుమా."

"నిజం చెప్పుండ్రి. మీది మీరు చెప్పుండ్రి. నాది నేను చెప్పుకుంట."

"నీదేముండాది చెప్పేదానికి? అంతా మంచిగానే అయింది కదా. ఆయమ్మ నీ చేయి పట్టుకునింది గదా."

"అదే సారూ నా బాధ."

పార్థసారథి ఆమెను ఆఫీసు దగ్గర దింపి, ఉత్త చేతులతో మార్గరెట్ ఇంటికి పోయాడు. తలుపుకు అప్పటికే మేకు కొట్టించి ఉంది. పూలు ఏమయ్యాయో దాచకుండా చెప్పాడు. ఆమె చాలాసేపు విని, "ఆ అబ్బాయి పేరేమిటి?" అని అడిగింది. ఇన్నేళ్ళూ కృపమ్మ అడిగితే ఇతరుల పేర్లు వెతికిపెట్టిన మనిషి, ఈ పేరు వెతకకుండానే చెప్పగలిగాడు. చెప్పి, ఆ వరండాలోనే కూర్చుండిపోయాడు. ఆ పెద్ద పని వాళ్ళకు దక్కిందా అని ఈ కథ విన్నవాళ్ళందరూ అడుగుతారు. తర్వాతి ఏడాది దక్కింది. పూలవల్లా కాదు, పూలు లేకపోవడంవల్లా కాదు. అంతకుముందు ఆ పని చేస్తున్నవాళ్ళు చెడగొట్టుకున్నందువల్ల.

సాయంత్రం కృపమ్మ ఇల్లు చేరింది. ఎదురింటి తలుపు వారగా తీసి ఉంది. అన్నాళ్ళకు మొదటిసారి. ఆమె గడప ఇవతలే నిలబడింది.

"ప్రిస్కిల్లా."

"రా అక్కా, లోపలికి."

ఆ మాట కోసం ఆమె ఎంత ఎదురుచూసిందో సందుకంతా తెలుసు. అయినా లోపల అడుగు పెట్టలేదు.

"ఒక మాట చెప్పినంక రమ్మను. పొద్దుగాల పెట్టిన పూలు బెన్నీగానివి గావు. కంపెనీ దొరసాని తలుపుకు కట్టినవి. పేరు గూడ ఆమెదే వెట్టి కట్టిన. తొవ్వల ఆపి వాళ్లే తీస్కున్నరు. నేను నోరు మూసుకున్న."

ప్రిస్కిల్లా బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టలేదు.

"ఎరికే," అంది.

"ఎట్లెరికె?"

"ఎనక కొక్కెం ఉండె గద. పెట్టె మీది రీత్‌కు కొక్కెమెందుకుంటది? ఎన్నేండ్లు కట్టిన నీతోని? చేతికి తగల్గనె ఎరికైంది."

"మరి అప్పుడే ఎందుకు అనకపోతివి?"

"అంటె ఏమైతుండె? మీ సారును ఉంచుతుండ్రా?" రాయి ఒకటి ఏరి గడప బయటికి విసిరింది. "ఆయన పాపం మా పోరని ఫోటోను సూసి ఏడుస్తుండు. ఆ పోరడు ఆయనకు వీసా ఇప్పిస్తనన్నడు. ఆయనను వాని ముంగట్నే కొట్టిస్తమా?"

కృపమ్మ గడప పట్టుకుని కింద కూర్చుంది.

"ఎరికె ఉండి గూడ తలుపు తీసి పెట్టినవా?"

"తీసిన. వస్తె చెప్తదా, చెప్పక కూసుంటదా సూద్దామని. చెప్పకపోతె ఇగ ఈ జన్మల తీయకపోతుంటి." చేట పక్కకు జరిపింది. మొదటిసారి తలెత్తి చూసింది. "ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. ఆ దినం ఎందుకు రాలే? బెన్నీగాడు ఇంట్ల పండుకొని ఉండె. నువ్వు పది అడుగులల్ల ఉంటివి."

జవాబు చెప్పడానికి కృపమ్మ దగ్గర మంచి కారణాలు చాలా ఉన్నాయి. ఆర్డరు ఆగితే కంపెనీ పోతుందనీ, ఆటోలు లేవనీ, కట్టడానికి తనొక్కతే ఉందనీ. అవన్నీ నిజాలే. వాటిలో ఏదీ చెప్పలేదు.

"బతికున్నోళ్లు ఆగరు గద అనుకున్న. సచ్చినోడు యాడికి పోతడు, జరసేపు ఆగుతడు అనుకున్న."

ప్రిస్కిల్లా ముఖం ఒక్కసారిగా విరిగిపోయింది. కొడుకు పోయిననాడు ఏడవలేదని అందరూ వింతగా చెప్పుకున్న మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు తల ఆనించి ఏడ్చింది. కృపమ్మ దగ్గరికి పోయి పట్టుకోబోతే చెయ్యి తోసేసింది. తోసేసినా కృపమ్మ లేచి పోలేదు. పక్కనే కూర్చుంది. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇంకిపోయింది. ఎవరూ లేవలేదు.

క్రిస్మస్ పొద్దున ఆరాధన అయ్యాక, జనం ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటూ ఉండగా, ప్రిస్కిల్లా చర్చి మెట్ల మీద ఆగింది.

"నీ దగ్గర ఏం పూలున్నయ్?"

"ఒక్కటి గూడ లేదు. బంద్‌ల మార్కెట్ యాడిది?"

"ఆకుంటదా?"

"ఆకుంటది."

అయ్యగారి ఇంటి ముందున్న అశోక చెట్టు కొమ్మలు అడిగి కోయించుకున్నారు. పండుగ బట్టలతోనే సమాధుల తోట గేటు దగ్గర బండ మీద కూర్చుని, వెదురు బద్ద వంచారు. ఎప్పుడూ ప్రిస్కిల్లా ఆకు అందిస్తే కృపమ్మ కట్టేది. ఆ రోజు కృపమ్మ అందించింది. ప్రిస్కిల్లా కట్టింది. ఒక్కో ఆకు బిగించేటప్పుడు ఆమె కొడుకు పేరు పలకడానికి ప్రయత్నించింది. మొదట కృపమ్మ పలికితే ఆమె ముడి వేసింది. సగం చక్రం అయ్యాక ఆమే పలకడం మొదలుపెట్టింది. ముడులు వదులుగా పడ్డాయి, ఒకపక్క ఆకు దట్టంగా, ఒకపక్క పలుచగా వచ్చింది. కృపమ్మ చెయ్యి పెట్టి సరిచేయలేదు. మంచుకు రంగు దిగిపోయిన ప్లాస్టిక్ చక్రాన్ని తీసి పక్కన పెట్టి, ఇద్దరూ కలిసి దీన్ని మట్టి మీద ఉంచారు.

కృపమ్మ ఆ తర్వాత కూడా కంపెనీలకు పూలు కట్టింది. ఒక షరతు మాత్రం పార్థసారథికి ముందే చెప్పింది: సందులో గానీ చర్చిలో గానీ ఎవరైనా పోతే, ఆ రోజు ఎంత పెద్ద దొర వచ్చినా పూలు రావు. రెండు కంపెనీలు ఒప్పుకోక ఆమెను మానేశాయి. పార్థసారథి ఒప్పుకున్నాడు. ప్రిస్కిల్లా మాత్రం బతికున్నవాళ్ళ పూలకు మళ్ళీ చెయ్యి కలపలేదు. గచ్చిబౌలి ఆర్డరు ఉన్న రోజుల్లో తన గడప మీదే కూర్చుని, ఎదురింట్లో కృపమ్మ ఒంటరిగా కట్టడం చూసేది. ఎవరైనా పోయిన రోజున మాత్రం, కబురు సందులోకి రాగానే, పిలవకముందే చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని సందు దాటి వచ్చేది.

"ఎవలక్కా? పేరేంది?" అని అడిగేది, ఆకు ముందర కూర్చుంటూ.